నా బండ్లదొడ్డి ఎవరికి చెందాలంటే

పంకజాక్షమ్మ నా పరువు తీసింది. పదేండ్లయినా మరవలేదు కాబట్టి ముందు అదే రాయిస్తున్నాను. రాయించేది బళ్లారి కంటోన్మెంటు పక్కన బండ్లదొడ్డి నెట్టికంటప్ప. కాళ్లు పోయినాయి గానీ బుద్ధి స్థిరంగా ఉంది. ఎవరి బలవంతమూ లేదు. రాసే పద్మనాభ నా మాట ఒక్కటీ కొట్టివేయకూడదు.

ఆమె నాటక కంపెనీ తెరలు, పెట్టెలు ఊరూరా మోసింది నా ఎద్దుల బండ్లే. తెక్కలకోటలో ఆట పెట్టినప్పుడు నా కొడుకుకు పిల్లనిచ్చిన వియ్యంకుడు చెన్నప్పను బంధువులతో సహా పిలిచి, రాణి వేషంలో ఆమెను చూడమని గొప్పలు చెప్పుకున్నాను. తెర లేస్తే సింహాసనం మీద కంపెనీలో ఇంకో వేషగత్తె దుర్గక్క. పంకజాక్షమ్మ వెనక నిలబడి విసనకర్ర వీస్తోంది.

"ఏందప్పా నెట్టికంటప్పా, మీ రాణెమ్మ ఈగలు తోల్తాండాదే!" అని చెన్నప్ప అందరూ వినేట్టు నవ్వి, ఆట సగంలో లేచిపోయాడు.

తెర వెనక్కి పోయి అడిగితే ఆమె మొహం రంగు తుడుచుకుంటూ, "ఈ పొద్దు దుర్గక్క రాణి, రేపు ఇంగో ఆటలో నేను. వేషాలు వంతుల మీద తిరిగితేనే ఇది కంపెనీ అప్పా. నా ఒక్కదాని మొగమే చూడల్లంటే పటం కట్టించి ఇంట్లో పెట్టుకో" అనింది. నా పరువు సంగతి ఏమిటంటే నవ్వింది.

ఇక ఆస్తి. అంతా నా స్వార్జితం.

1. దేశనూరు పొలం, నేనుండే ఇంట్లో వీధి వైపు భాగం కుమారుడు లక్ష్మన్నకు. లారీలు వాడి కష్టంతో కొన్నవి, వాటి మీద నాకు హక్కు లేదు. బండ్లు నిలిపే నా దొడ్డి మీద వాడికీ లేదు.

2. కుమార్తె హంపమ్మకు వాళ్లమ్మ కమ్మలు, ఇంట్లో దొడ్డి వైపు రెండు గదులు సర్వహక్కులతో. మొగుడు వదిలేస్తే వచ్చి మూలన కూర్చున్న పిల్లను పంకజాక్షమ్మ కుట్టుపనికని పిలుచుకుపోయి వేషం కట్టించింది. మావాళ్లు మా ఇంట నీళ్లు ముట్టేది లేదన్నారు. ముట్టకపోతే పోయారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వేషంలో హంపమ్మ తొలిసారి నిలబడి, మాట మరిచి బిగుసుకుపోయింది. పక్కన ముసలిదాని వేషంలో ఉన్న పంకజాక్షమ్మ, "ఏడు తల్లీ, ఏడు. ఇంగెవరి కోసం దాచి పెట్టుకోనుండావు?" అని నాటకంలో లేని మాట అందించింది. ఇంట్లో గొంతెత్తని నా బిడ్డ అప్పుడు ఏడ్చింది చూడండి, జనం చప్పట్లు కొట్టడం కూడా మరిచారు. ఆ ఒక్క మాటకు నేను ఆమెకు చేతులెత్తి మొక్కుతున్నాను.

3. దుర్గక్కకు నా కొత్త కంబళి. ఆమె మీద కోపం లేదు. రాణిగా బాగానే చేసింది. గొంతు పంకజాక్షమ్మ కంటే పెద్దది.

4. చెన్నప్పకు ఆస్తిలో ఏమీ లేదు. దొడ్డిలో ఆట ఉన్నప్పుడల్లా ముందు వరుసలో ఒక కుర్చీ. కడదాకా కూర్చోవాలి.

5. లారీలు వచ్చి నా బండ్లు మూలపడ్డాక, ఖాళీ దొడ్డిలో రంగస్థలం కట్టి ఊరూరా తిరిగే కంపెనీకి ఒక ఇల్లు చేసింది పంకజాక్షమ్మ. ఒకే ఆట అరగదీయకుండా పూటకొకటి మార్చి ఆడించింది. పండ్లూడినవాళ్లకూ నిన్న వచ్చినవాళ్లకూ వేషమూ కూడూ దొరికాయి. ఎద్దుల వాసన పోయి రంగుల వాసన వచ్చింది, నాకు ముసలితనంలో తోడు దొరికింది. కాబట్టి నా అనంతరం దొడ్డి కంపెనీకి. ఆమెకు కాదు, కంపెనీకి. షరతు ఒక్కటే, వేషాలు వంతుల మీద తిరగాలి.

6. దీన్ని అమలు జరపవలసింది బట్టల అంగడి కేశవమూర్తి. మహా మొండి మనిషి. ఇక్కడ అదే మేలు.

7. గుంతకల్లు కాంట్రాక్టరొకడు పేరున్న నటులను ఊరికొకరిని పోగేసి ఒక్క రాత్రి ఆటలు ఆడిస్తాడు. పంకజాక్షమ్మ పేరొక్కటే పెద్దక్షరాల్లో వేస్తానని పిలుస్తున్నాడు. ఆమె ఔననలేదు, కాదనలేదు. కంపెనీవాళ్లకు అన్నం సహించడం లేదు. ఆమె పోతే కంపెనీ ఉండదు. కంపెనీ లేకపోతే ఈ రాత చెల్లదు, దొడ్డి లక్ష్మన్న లారీలకే పోతుంది.

అమ్మా పంకజాక్షమ్మా, నేను చచ్చాక చెప్తే నాకు వినపడదు. ఉంటావా, పోతావా? హంపి తేరు రోజు పొద్దు గూకే లోపల నువ్వే వచ్చి చెప్పాలి. మనిషిని పంపితే ఒప్పుకోను. లక్ష్మన్న లారీలను గేటు బయటే ఆపించాను. అందాకా దొడ్డి తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది.

బళ్లారి, 1961 ఫిబ్రవరి 6.

నెట్టికంటప్ప చేవ్రాలు
సాక్షులు: విరూపాక్షయ్య, మారన్న
నెట్టికంటప్ప చెప్పగా రాసినది: పద్మనాభ