తపేలాలో పెరిగిన పాలు

పెంచలా,

విత్తనాల కోసం గూడూరు పోతున్నా, సాయంత్రం బస్సుకి వస్తా. రసం తీసే ఫ్యాక్టరీ నుంచి పోయిన వారం మీ అన్న బండేసుకొచ్చి దించిన మామిడి తొక్కలు, పీచు బర్రెకు వెయ్యొద్దు. అంతా పెంటదిబ్బలో పారబొయ్యి. పనికొచ్చేదైతే ఫ్యాక్టరీవాళ్లు ఊరికే ఎందుకిస్తారు? బర్రెకు పొట్ట ఉబ్బితే మీ అన్న వచ్చి నిలబడతాడా? వరిగడ్డి, తవుడు చాలు. ఇంకో మాట. నాలుగు రోజులుగా తపేలాలో పాలు ఎందుకు పెరిగినాయో నువ్వు ఇంకా చెప్పలేదు. నేను మరిచిపోయినాననుకోవద్దు.

చీటీ మడిచి కొట్టంలోకి పోయి చూస్తే పేడలో మామిడి పీచు ఉంది. నాకు తెలీకుండా నాలుగు రోజులనుంచీ వేస్తా ఉండావన్నమాట. అప్పటికీ నమ్మకం చాలక, పొద్దున పిండిన పాలు గోటిమీద చుక్క వేసి చూసినా. జారలేదు, చిక్కగా నిలబడింది. పైన రాసింది పట్టించుకోవద్దు. ఒక తట్ట నేనే వేసి పోతున్నా. పాలల్లో నీళ్లు కలిపినావని మొన్న మీ అన్న మళ్లీ వచ్చినప్పుడు ఆయన ముందర అంటినే, ఆ మాట ఎట్ట వెనక్కి తీసుకోవాలో వచ్చినాక నువ్వే చెప్పు.