మిట్ట మింద పొగ

నాయనా,

నువ్వు పోయి ఏడాదాయె. నీ పికప్పు నేనే తోల్తాండాను. మొన్న పొగ పరీక్షలో తప్పింది, సర్టిఫికెట్ ఇయ్యలేదు. పుంగనూరులో మెకానిక్కుకు సూపిస్తి. బలమొస్తాదని నువ్వు పంపు స్క్రూ తిప్పి డీజిలెక్కువ పెట్టిండావంట గదా! "నల్లపొగ బలం గాదు పాపా, కాలకుండా పోయే డీజిలు" అని ఆయప్ప నవ్వినాడు. స్క్రూ ఎనక్కి తిప్పి, ఇంజెక్టర్లు, టర్బో మార్చినాడు. పరీక్ష పాసయింది.

ఈ పొద్దు సాయంత్రం, రేపటి మదనపల్లె మార్కెట్టుకని తోటలో నిండా టమాటాలేసుకొని ఇంటికొస్తా మన మిట్టెక్కితి. నువ్వు రెండో గేర్లో మూలిగిస్తా ఎక్కినచోట మూడో గేర్లోనే పోయింది. అద్దంలో ఎనక ఆకాశం కడిగినట్టుండాది. కలలో తోలినట్టే ఉండాది నాయనా. నువ్వు పక్కనుంటే "పొగేదే?" అని కసురుకుందువు.

మిట్ట మింద నల్లపొగ కనబడితేనే గదా అమ్మ సంగటికి ఎసరు పెట్టేది. నువ్వు పోయినాక నాకూ అట్లే పెడతా ఉండె. ఈ పొద్దు బండి ఇంటిముందర నిలిచినా పొయ్యి ఎలిగించలేదు. గడప కాడ కూచోని నన్నొకసారి సూసి, మళ్లా మిట్ట కల్లే సూస్తాండాది.