కొబ్బరిచెట్ల కింద సైకిల్ స్టాండు

12-7-1978, బుధవారం

ఒళ్లు మండిపోతోంది. నా సైకిలు మీద ఈవేళ పడింది మూడో కాయ. మొదటి కాయకి బెల్లు సొట్టబోయింది, రెండోదానికి సీటు చిరిగింది. ఈవేళ వెనక మడ్డుగార్డు వంగి చక్రానికి పట్టేసింది. అంబాజీపేటలో ఇంటి దాకా దాన్ని ఈడ్చుకుంటూ నడిచొచ్చాను.

నేను పాఠాలు చెప్పే స్కూలు ఆవరణలో అంత ఖాళీ స్థలం ఉండగా, నిండా కాయలున్న కొబ్బరిచెట్ల కింద సైకిల్ స్టాండు కట్టించిన మహానుభావుడు ఇంజనీరుగారు. చెట్ల నీడ ఉంది కదా, పైన రేకులు దండగ అన్నారట! సైకిలు ఇంకెక్కడ కనబడినా హెడ్మాస్టరుగారు ఊరుకోరు. సైన్సు మేష్టారు సైకిలు తీసుకోవడానికి వెళ్లినప్పుడల్లా నెత్తిమీద పరీక్ష అట్ట పెట్టుకుంటున్నారు.

మధ్యాహ్నం ఆ ఇంజనీరుగారే తనిఖీకి వచ్చారు. డ్రైవరు జీపును స్టాండు వైపు తిప్పగానే ఒక్క కేక వేశారు.

“అక్కడొద్దయ్యా, అద్దం మీద కాయ పడుద్ది!”

జీపును వరండా పక్కన పెట్టించి, దిగి, వరసగా నిలబడ్డ మేష్టర్లందరినీ నవ్వుతూ అడిగారు: “స్టాండు సదుపాయంగా ఉందాండీ?”

“ఆయ్, చాలా బాగుందండీ,” అన్నాం.

ఆయన మురిసిపోయారు. ఆడపిల్లల స్కూల్లో కూడా అచ్చం ఇలాగే, కొబ్బరిచెట్ల కిందే కట్టిస్తానన్నారు. మా అమ్మాయి మేరీ చదివేది అక్కడే. రోజూ సైకిలు మీదే వెళుతుంది.

అందరికంటే ముందు ‘ఆయ్’ అన్నది నేనే.