దాది పాటలు చెల్లె తుడిచెయ్యలేదు

బాపుకు నీ పెద్దబిడ్డ దండం పెట్టి రాస్తున్నది.

నన్ను కన్న యాడి మోకాలి నొప్పి తగ్గిందా? నిన్ను కన్న దాది పక్షవాతం వచ్చిన చెయ్యిని కొంచెమన్నా కదిలిస్తున్నదా? నెల్లికుదురులో వాన పడ్డదా? బెంగళూరులో నేను బాగున్నాను, వేళకు తింటున్నాను, రంది పెట్టుకోవద్దు. హాస్టల్ సాంబారు బెల్లం వేసినట్టు తియ్యగా ఉంటుంది. వచ్చేవాళ్ల చేత కారప్పొడి పంపు.

ఇక అసలు సంగతి. ఫోనులో చెబుదామంటే సగంలోనే పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

అత్తగారింటికి పోయేనాడు చెల్లె అనూష ఏడుస్తూ పాడాల్సిన ధావ్లో పాటలను అదే తుడిచేసిందని తిట్టావట. "ఫోను తప్ప నీకేం సోయి ఉన్నది?" అన్నావట. మన ఇంట్లో ఆ పాటలు దాదికి తప్ప ఎవరికీ రావు. ఆమె గొంతు పోకముందే పక్కన కూర్చుని రికార్డు చేసింది ఎవరు బాపూ? అనూష కాదా? "అక్కా, నేనేం ముట్టుకోలే. పొద్దుగాల చూస్తే ఒక్క పాట గూడ లేదు. బాపు నా మొఖం గూడ చూస్తలేడు" అని అది ఫోనులో ఏడ్చింది. ఏమైందో ఇక్కడినుంచే వెతికి చూశాను.

ఇంట్లో నేను పెట్టిన పాత కంప్యూటరులో ఆ పాటలు వినిపించే ప్రోగ్రాం ఒక కంటైనర్‌లో ఉంటుంది. అంటే, ప్రోగ్రామునూ దానికి కావలసినవాటినీ కలిపి కట్టిన మూట. ఆ మూట ఏ ఫోల్డర్లు చూడాలో చెప్పేది టెంప్లేట్. దాన్ని బయటివాళ్లు రాసి పెడతారు. మన కాపీలో, అక్కరలేని ఫోల్డరును చూపే వరుస ఒకటుంటే తీసేశాను. మొన్న దానంతటదే వచ్చిన అప్‌డేట్, వాళ్ల టెంప్లేట్‌తో పోల్చుకుని ఆ వరుసను మళ్లీ తెచ్చిపెట్టింది. దాని ఖాళీ ఫోల్డరు మన పాటల ఫోల్డరును కప్పేసింది. నన్ను ఒక్క మాట అడిగారా? మన ఇంట్లో సామాను సర్దడానికి వాళ్లెవరు? కొత్త ప్రోగ్రాం ఇస్తే ఇవ్వనీ, నేను తీసేసిందాన్ని మళ్లీ ఎందుకు పెట్టాలి? వాళ్లు చేసిన పనికి నా చెల్లె మాటలు పడాలా?

పాటలు ఎక్కడికీ పోలేదు బాపూ, డిస్కులో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఇక్కడినుంచే ఆ వరుస తీసేశాను. టెంప్లేట్ వచ్చే చిరునామా కూడా చెరిపేశాను. ఇక ప్రోగ్రాం కొత్తది వస్తుంది గానీ, మన అమరిక జోలికి రాదు. పాటలన్నీ విన్నాను. మధ్యలో దాది దగ్గి, మన తండా భాషలో అనూషను నీళ్లడిగింది కూడా అందులో ఉంది.

యాడికి, దాదికి, తండా పెద్దలకు నా దండాలు. నీ దీవెన నాకు కావాలి, కానీ ముందు చెల్లెకు ఇవ్వు. నువ్వు కళ్లద్దాలు పెట్టుకోవు, ఈ ఉత్తరం దాని చేతే చదివించుకుంటున్నావని నాకు తెలుసు.

అనూషా, ఇక్కడ ఆగు. బాపు నీ మొఖం చూసి మంచిగ మాట్లాడేదాకా కింద నా పేరు చదవకు.

సరిత