యానిస్ భూస్థాపనకు సోవియట్ పాట

జనవరి 2021, గురువారం రాత్రి, పోర్ట్‌లీష్, ఐర్లండ్

కోవిడ్‌తో పోయిన పక్కింటి యానిస్ భూస్థాపన రేపే. వాళ్ళ చర్చి ఫాదర్ క్వారంటైన్‌లో ఉన్నాడు కాబట్టి వాక్యం నేనే చెప్పాలి. సాయంత్రం అతని భార్య ఇల్జ గేటు అవతలే నిలబడి అడిగింది: "పెట్టె దించేటప్పుడు మా పాట పెట్టండి, పాస్టర్. సోవియట్ రోజుల్లో, లాత్వియాలో, ఆ పాటకి డాన్స్ చేస్తూనే మేం కలిశాం."

సింథసైజర్ మోతతో సాగే పాట అది. లోకసంబంధమైన పాట సమాధి దగ్గర వినపడకూడదని ఇన్నేళ్ళుగా గర్జించినవాణ్ణి నేనే. పైగా మా తెలుగు సంఘమంతా జూమ్‌లో చూస్తుంది. సంఘపెద్ద ఏసుదాసుకు ఫోన్ చేస్తే, "పెట్టు బ్రదర్, ఆదివారం నుంచి మైకు ఇంకొకరు పట్టుకుంటారు" అన్నాడు.

మా అమ్మాయి కెజియా మాత్రం నవ్వింది. "ఇట్స్ గ్రాండ్, డాడ్. మా క్లాసంతా ఆ ట్యూన్‌కే వీడియోలు చేస్తారు."

పాట పుట్టిన సోవియట్ దేశమే ఇప్పుడు లేదు. పాట మాత్రం నా కూతురి ఫోన్ దాకా వచ్చింది.

బైబిల్లో స్నేహితుడు యోనాతాను కోసం దావీదు పాడిన విలాపాన్ని ఇప్పటిదాకా చదువుతూనే ఉన్నాను. ఎంత వెతికినా అందులో దేవుని పేరు లేదు. అయినా అది దేవుని వాక్యంలో ఉంది.

మైకు సంఘానిది. స్పీకరు నా సొంతం. ఇప్పుడే చార్జింగ్ పెట్టాను.