తల ముంచరాదు

మార్చి 11, మంగళవారం

ఒప్పుకుంది. ఇరవై రెండేళ్ల కాపురంలో మొదటిసారి కరుణ నోటి నుంచి ఆ మాట. చపాతీ పిండి కలుపుతూ, నా వైపు చూడనైనా చూడకుండా — "వేడినీళ్లయితే మునుగుతాలెండి."

సంతోషించాల్సింది. కోపం వచ్చింది. యొర్దాను నదిలో ఎవరైనా నీళ్లు కాచి పెట్టారా? బైబిల్లో కుష్ఠు పట్టిన ఆ సేనాధిపతి ఏడుసార్లు మునిగాడు, చలేస్తోందన్నాడా?... ఒప్పుకుంది, అది చాలు.

పసిబిడ్డగా ఉన్నప్పుడు గుంటూరు గుడిలో నెత్తిన నీళ్లు చిలకరించారట, అదే తన బాప్తిస్మమట. చిలకరింపు బాప్తిస్మం కాదని ఈ అమెరికాలో, శాన్ రామన్ ఇంటి హాల్లో పెట్టుకున్న సహవాసంలో తొమ్మిదేళ్లుగా గొంతు చించుకుంటున్నాను. మునగనివాళ్లు బల్లలో చేయి వేయకూడదని, ఆ రొట్టె ముట్టకూడదని నియమం పెట్టింది నేనే. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్లకి రొట్టె కాల్చేది కరుణ. పళ్లెం పట్టుకుని అందరికీ అందించేది కరుణ. ముక్క తీసుకోనిది కరుణ ఒక్కతే. నా భార్య కదా అని నియమం మారుస్తానా. మార్చను.

మార్చి 13, గురువారం

ఎస్తేరుకి చెప్పాను — భూమిలోంచి వచ్చే వేడినీళ్లు కావాలి, పారే నీళ్లు. అపార్ట్‌మెంట్ పూల్ వద్దు, జిమ్‌లో టబ్ అసలే వద్దు. కూతురు ఫోన్‌లో వెతికి, దక్షిణాన సముద్రపు ఒడ్డున కొండ అడుగు నుంచి వేడి ఊట వచ్చే చోటుందని చూపించింది. "బట్ డాడీ, ఇట్స్ ఎ స్పా." స్పా వాళ్లదైనా నీళ్లు దేవుడివి, బుక్ చెయ్ అన్నాను. రూల్స్ పేజీ ఉంది, చదవమంది. నాకు ఒక్క గ్రంథం చాలన్నాను.

మార్చి 16, ఆదివారం

సహవాసంలో ప్రకటించాను. అందరూ స్తోత్రం అన్నారు. సుధీర్ బ్రదర్ లేచి నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లో కప్పు పగిలిన చప్పుడు. ఈ నెలలో మూడోది. ఏం ధ్యాసో ఆ మనిషిది.

మార్చి 22, శనివారం



మూడు గంటలకు పైగా డ్రైవ్ చేశాను. తెల్లచొక్కా, తెల్లపంచె. గ్రంథం ప్లాస్టిక్ కవర్లో. గేటు దగ్గర తెల్లజుట్టు ఆవిడ — ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదు, అంది. గుసగుసలాడటం నాకు పుట్టుకతో రాదు. లోపల రాతి తొట్లు, వాటిలో అరకొర బట్టల మనుషులు కళ్లు మూసుకుని. గంధకం వాసన. గోడ కింద సముద్రం బాదుకుంటోంది. అదొక్కటే అక్కడ నాలాగా మాట్లాడేది.

పెద్ద తొట్టి పక్కన బోర్డు. ఎస్తేరు చదివి నా వైపు చూసింది. తల నీటిలో ముంచరాదు. ముక్కులోకి నీళ్లు పోనివ్వరాదు.

తల ముంచరాదు!

ఆవిడ దగ్గరికి వెళ్లాను. నేను దైవసేవకుణ్ణన్నాను. మూడు గంటలు డ్రైవ్ చేసి వచ్చామన్నాను. ఆవిడ మెత్తగానే చెప్పింది — వేడి ఊటల్లో ఒక క్రిమి ఉండొచ్చు, ముక్కు ద్వారా మెదడుకి పాకుతుంది, చాలా అరుదు, కానీ రూల్ రూలే. మెడ వరకూ ఎంతసేపైనా ఉండండి, అంది. పైగా ఒక చెక్క గరిటె నా చేతిలో పెట్టింది — భుజాల మీద పోసుకోవడానికట.

కరుణ అప్పటికే నీళ్లలో దిగింది. గరిటె చూసి, "పొయ్యండి మరి నెత్తిన. మూడుసార్లు," అంది. నవ్వింది అనుకున్నాను. నవ్వలేదు.

సముద్రం అక్కడే ఉంది, మెట్లు దిగితే చాలు, పద అన్నాను. అవీ నీళ్లే కదా. నా గొంతుకి రెండు తొట్ల అవతల వాళ్లు కళ్లు తెరిచారు. కరుణ రెండు చేతులూ పైకెత్తి చూపించింది. "ఆ చల్లటి నీళ్లలో ఇవి కొయ్యబారిపోతాయండీ. వారం రోజులు గరిటె కూడా పట్టుకోలేను."

ఒడ్డున నిలబడ్డాను. పంచె అంచు తడిసింది. ఎంతసేపో తెలియదు. చివరికి చూస్తే — కరుణ పిడికిలి మూస్తోంది, తెరుస్తోంది. మళ్లీ మూస్తోంది. "చూడవే, మూసుకుంటోంది" అని కూతురితో. ఎస్తేరు మొహం అదోలా అయింది. "మమ్మీ, బిఫోర్ మూసుకోదా?" "రెండేళ్లయిందే."

రెండేళ్లు.

బైబిల్లో కోనేటి గట్టున ముప్ఫై ఎనిమిదేళ్లు పడి ఉన్నవాడి మీద ఎన్నిసార్లు ప్రసంగించానో. నన్ను నీళ్లలో దించే మనిషి లేడు ప్రభువా అని వాడు మొరపెట్టుకున్న చోట నా గొంతు పగిలేది, జనం ఏడ్చేవారు. వాడికి ఎవరూ లేరు. ఈమెకి నేనున్నాను.

కార్‌లో అరిచాను — నాకు చెప్పొచ్చుగా అని. రోడ్డు వైపే చూస్తూ అంది — "చెప్పాను. ప్రార్థన చేస్తానన్నారు. చేశారు కూడా."

మార్చి 23, ఆదివారం

సుధీర్ బ్రదర్ అడిగాడు, అయిందా అని. వాయిదా పడింది అన్నాను. విశ్వాసంలో నులివెచ్చని మనుషుల మీద గంటన్నర ప్రసంగించాను. ఎవరి మీద అరుస్తున్నానో వాళ్లకి తెలియదు. నాకు తెలిసి కూడా ఆపలేదు.

మార్చి 26, బుధవారం

తల్లీకూతుళ్లు మళ్లీ అక్కడికే బుక్ చేసుకున్నారు, ఏప్రిల్ మూడో వారానికి. నన్ను అడగలేదు. రమ్మనీ అనలేదు. తర్వాత కరుణ అంది — "వస్తే రండి. తెల్లబట్టలు వద్దు."

నన్ను పట్టుకుని!

ఏప్రిల్ 2, బుధవారం

కరుణ వేళ్లు మళ్లీ బిగుసుకున్నాయి. ఇప్పుడు నాకు కనిపిస్తున్నాయి. సీసా మూత తియ్యలేక, పళ్లతో తీసింది. ఇన్నాళ్లూ ఎలా తీసేదో... చూస్తే కదా.

ఏప్రిల్ 5, శనివారం, మధ్యాహ్నం

రేపు మొదటి ఆదివారం. పొద్దున కరుణ అంది — "ఈసారి బల్లకి రొట్టె మీరు చెయ్యండి. నా వల్ల కాదు."

తొమ్మిదేళ్లలో నూరు రొట్టెలు విరిచి ఉంటాను. ఒక్కటీ చెయ్యలేదు. నీళ్లు ఎక్కువయ్యాయి, పిండి ఎక్కువైంది, మళ్లీ నీళ్లు. మణికట్టు లాగేసింది. ఇంత పిండిని ఆ చేతులతో... ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. "ఇంకా పిసకాలి," అంది, అంతే. ఒక పక్క మాడింది. ఇంకో పక్క రాయి.

రేపు పళ్లెం ఎస్తేరు పట్టుకుంటుందిలే, నువ్వు కూర్చో అన్నాను.

"కూర్చుంటే పళ్లెం నా ముందుకి వస్తుందిగా."

వస్తుంది అన్నాను.

"వస్తే?"

నియమం నోటి దాకా వచ్చింది. వాక్యం కూడా వచ్చింది, దాని వెనకే దానికి ఎదురు వాక్యం. దేవుడి మీద కోపం వస్తోంది, రాస్తున్నాను, రాసింది కొట్టెయ్యను. ఆమె ఇంకా గుమ్మంలోనే ఉంది.

ముక్కలకి గీతలు పెట్టాలి. ఎప్పుడూ పదమూడు, కరుణకి తప్ప అందరికీ. పన్నెండు పెట్టాను, పదమూడోదీ పెట్టాను. చాకు ఇంకా ఎడమచేతిలోనే ఉంది. రొట్టెలో చోటుంది.