ఇంటికి ఒక్క ఓటు

సెప్టెంబర్ 28, ఆదివారం

క్లబ్‌హౌస్‌లో అసోసియేషన్ మీటింగ్. అక్కడున్న నాలుగు పాత కంప్యూటర్ల సంగతి. వచ్చే నెలనుంచి ఆ పెద్ద కంపెనీ వీటి సిస్టమ్‌కి అప్‌డేట్లు ఆపేస్తుందట, కొత్తది వీటిలో ఎక్కదట.

మావారు లేచి, నిక్షేపంలా పనిచేసేవాటిని చెత్త చేయడానికి వాళ్ళెవరని అడిగారు. ఫ్రీ సిస్టమ్ వేద్దామన్నారు. సి బ్లాక్ నరసింహమూర్తి గారు, "మీ ఆఫీసులో ఏం వాడుతున్నారండీ?" అన్నారు. అందరూ నవ్వారు. మావారి ఆఫీసులోనూ ఆ కంపెనీదే.

మా పనమనిషి చంద్రమ్మ కూతురు పింకీ వాటి మీదే నేర్చుకుంటోందని, వచ్చే నెల పదిహేడున దానికి ఉద్యోగం టెస్ట్ ఉందని చెప్పాను. ఎవరికీ వినపడలేదు.

అక్టోబర్ 2, దసరా

పింకీ కంప్యూటర్లన్నింటికీ బొట్లు పెట్టింది. దానికి డిగ్రీ అయింది. రోజూ సాయంత్రం క్లబ్‌హౌస్‌లో నా దగ్గర కంప్యూటర్ మీద లెక్కలు వేయడం నేర్చుకుంటోంది. ఖాజాగూడ దగ్గర ఒక దవాఖానలో బిల్లింగ్ ఉద్యోగానికే ఆ టెస్ట్. ఆ ఉద్యోగం రాకపోతే, మోకాళ్ళు పట్టేసిన తల్లి బదులు ఇళ్ళన్నిట్లో పని తనే చేయాలి. దవాఖాన వాళ్ళు ప్రాక్టీసు కోసం బిల్లింగ్ ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు.

మావారు వచ్చి గుత్తాధిపత్యం గురించి చెప్పారు. పింకీ, "నౌకరీ ఇచ్చెటోళ్లు గదే అడుగుతున్రు గద అంకుల్" అంది. అలా అడిగేలా చేయడమే వాళ్ళ గెలుపని ఆయన అన్నారు.

నిజమే. ఆయన చెప్పేవి నిజాలే. నా ఒళ్ళు మండేది అందుకే.

అక్టోబర్ 5

వాట్సాప్ గ్రూప్‌లో ఓటింగ్. ఫ్రీ సిస్టమ్ గెలిచింది. ఇంటికి ఒక్క ఓటు. మా ఇంటిది ఆయన వేశారు.

అక్టోబర్ 11, శనివారం

మావారు నాలుగింటిలోనూ పాత సిస్టమ్ తుడిచేసి ఫ్రీది ఎక్కించారు. టెస్ట్ అయ్యేదాకా ఒక్కటి వదలండని బతిమాలాను. ఒక్కటి వదిలితే అందరూ దాని దగ్గరికే పోతారట, ఉద్యమం నీరుగారిపోతుందట. లెక్క ఎక్కడ వేసినా లెక్కేనట. తర్వాత గ్రూప్‌లో ఫోటో పెట్టుకున్నారు. చప్పట్ల బొమ్మలు వచ్చాయి.

అక్టోబర్ 13

దవాఖాన ప్రోగ్రామ్ ఫ్రీ సిస్టమ్‌లో తెరుచుకోవడం లేదు. పింకీ పెన్‌డ్రైవ్ తీసి, ఊది, మళ్ళీ పెట్టింది. "ఏంది ఆంటీ గిట్లయింది? నిన్న మొన్నటిదాంక మంచిగనే ఉండె" అంది.

మావారి లాప్‌టాప్ అడిగాను. ఆఫీసుది, బయటి పెన్‌డ్రైవ్ పెడితే ఉద్యోగం పోతుందన్నారు. పాతదే మళ్ళీ వేయమన్నాను. మూర్తి ముందు నవ్వులపాలు కావాలా అన్నారు.

సిగ్గు విడిచి మూర్తి గారింటికే వెళ్ళాను. "ఇప్పటికైనా తెలిసిందా అండీ?" అంటూ ఫ్రీ సరుకు ఎందుకు పనికిరాదో టీ చల్లారేదాకా చెప్పారు. లాప్‌టాప్ మాత్రం ఇవ్వలేదు. అదీ ఆఫీసుదే.

ఇంకో నాలుగిళ్ళు అడిగినా ఒక్కరికీ సొంతది లేదు, అన్నీ ఆఫీసువే. ఇళ్ళనిండా ఆ కంపెనీయే.

అక్టోబర్ 14

చందానగర్ మార్కెట్‌లో నెట్ సెంటర్‌కి పింకీని తీసుకెళ్ళాను. వైరస్ భయమట, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వలేదు. దారిలో పింకీ, "ఫికర్ చేయకుండ్రి ఆంటీ, ఆడ చూసుకుంట" అని నాకే ధైర్యం చెప్పింది.

అక్టోబర్ 17, రాత్రి

ఉద్యోగం రాలేదు.

టైమ్ అయిపోయేసరికి సగం బిల్లులే వేసిందట. లెక్క ఒక్కటీ తప్పు పోలేదట. చేయి మాత్రం తిరగలేదట.

మావారికి చెప్పాను. "చూశావా, ఆ కంపెనీ ఎంత పని చేసిందో" అన్నారు.

నేను గిన్నెలు కడిగి పడుకున్నాను.

అక్టోబర్ 26, ఆదివారం

నరసింహమూర్తి గారు మా ఇంటికొచ్చారు. బాల్కనీలో ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు. ఒకరు స్వేచ్ఛ అంటారు, ఇంకొకరు కంపెనీ సపోర్ట్ అంటారు. ఇద్దరికీ హుషారుగా ఉంది. పింకీ టీ తీసుకెళ్ళింది. వారంనుంచి చంద్రమ్మ బదులు అదే వస్తోంది.

మూర్తి గారు దాన్ని ఆపి, "నువ్వు రెండూ చూశావు కదమ్మా, ఏది మేలో చెప్పు" అన్నారు. మావారు కూడా ఆశగా చూశారు.

"చక్కెర తక్కువేసిన సార్, సరిపోయిందో లేదో చూడుండ్రి" అని లోపలికి వచ్చేసింది.

నవంబర్ 3

ఈరోజు పింకీ నన్ను ఆంటీ అనలేదు. మేడమ్ అంది.